కాన్పుల క్లాసులో దొరికిన గడ్డ

ఓడిపోయిన కేసుల గురించి మాట్లాడటం తేలిక. ఎందుకు ఓడిపోయామో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆలస్యంగా తీసుకొచ్చారనో, రక్తం దొరకలేదనో, కరెంటు పోయిందనో అంటాం. నేను మీకు చెప్పబోయేది గెలిచిన కేసు. ఎందుకు గెలిచామో అప్పుడు మాలో ఒక్కరికీ తెలియలేదు. ఇన్నేళ్లు గడిచాక కూడా దాన్ని తలచుకుంటే నాకు గర్వం కలగదు, తికమకే కలుగుతుంది.

మీ తరం డాక్టర్లు ఇప్పుడు పొట్టలో నొప్పి అనగానే స్కాను రాస్తారు. అందులో ఏదైనా కనబడితే ఇంకా పెద్ద స్కాను రాస్తారు. ఆ తర్వాత తీరిక దొరికితే రోగి పొట్ట మీద చెయ్యి వేస్తారు. మిమ్మల్ని తిట్టడం లేదు. ఆ మిషన్లు ఉంటే మేమూ అదే పని చేసేవాళ్లం. డెబ్బైల్లో బెజవాడలో మాకున్నవి రెండు చేతులు, దగ్గుతూ పనిచేసే ఒక ఎక్స్‌రే మిషను, కొంచెం ధైర్యం. ఆ ధైర్యంలో సగం విషయం తెలియకపోవడం వల్ల వచ్చిందే.

నేను అప్పట్లో ఒక మిషన్ ఆసుపత్రిలో సర్జరీ విభాగంలో అసిస్టెంటుని. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. పటమట నుంచి రోజూ పొద్దున్నే సిటీ బస్సులో నిలబడి వెళ్లేదాన్ని. ఆడది సర్జరీ చదివిందంటే జనానికి అర్థమయ్యేది కాదు. "కాన్పులు చెయ్యరా అండీ?" అని అడిగేవారు. చెయ్యనంటే, పాపం ఈవిడకి రాదేమో అన్నట్టు చూసేవారు. నా చిరాకు కొంత అక్కడే మొదలైంది, మిగతాది పుట్టుకతో వచ్చింది.

మా పెద్ద డాక్టరు గారు గొప్ప సర్జను. చేతులు చకచకా కదిలేవి, నోరు మాత్రం కదిలేది కాదు. వార్డులో ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. 'బహుశా' అనకూడదు. రౌండ్స్‌లో ఎవరైనా "బహుశా అపెండిసైటిస్ అండీ" అంటే ఆగిపోయి, "అవునా, కాదా?" అని అడిగేవారు. అవునో కాదో తేల్చి చెప్పేదాకా తరవాతి మంచం దగ్గరికి కదిలేవారు కాదు. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పడం మేమంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

ఆసుపత్రికి ఒక నర్సింగు స్కూలు ఉండేది. అది మేట్రన్ గారి రాజ్యం. గంజి పెట్టిన తెల్లచీర, నడుముకి తాళాల గుత్తి. ఆవిడ నడుస్తుంటే తాళాల చప్పుడుకి వరండాలో నవ్వులు ఆగిపోయేవి. కాన్పుల పాఠంలో ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. గర్భిణీ స్త్రీ మీద చెయ్యి వేసే ముందు, ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా మంచం మీద పడుకుని ఒకరి పొట్ట ఒకరు తడిమి చూసుకోవాలి. ఖాళీ పొట్ట చేతికి ఎలా తగులుతుందో ముందు తెలియాలి, నిండు పొట్ట సంగతి తరవాత అనేవారు. నిజానికి మంచి పద్ధతి. మా మెడికల్ కాలేజీలో కూడా అలా నేర్పలేదు.

ఆ క్లాసులోనే మొదలైంది ఇదంతా.

ఆ అమ్మాయిది మైలవరం దగ్గర పల్లె. క్రైస్తవ కుటుంబం. తల్లిదండ్రులు కూలి పనికి వెళ్లేవారు. వాళ్ల పాస్టరు గారు సిఫారసు చేస్తే స్కూల్లో సీటు దొరికింది. ఆ ఇంట్లో నెలజీతం తీసుకోబోయే మొదటి మనిషి ఆ పిల్లే. సన్నగా, పాలిపోయి ఉండేది. సాయంత్రాలు కాస్త ఒళ్లు వెచ్చబడేది. మా ప్రాంతంలో పాలిపోయిన మనిషి కనిపిస్తే మాకు ఆలోచన అక్కర్లేదు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగి ఉంటుంది, కొంకిపురుగులు పట్టి ఉంటాయి. పురుగులు పడిపోయే మందు తాగించాం, ఇనుము మాత్రలిచ్చాం. మళ్లీ అదే మందు తాగించాం. ఆ పురుగులు ఆ పిల్ల కడుపులో ఎన్నడైనా ఉన్నాయో లేదో దేవుడికే తెలియాలి.

ఆ రోజు మంచం మీద పడుకోవడం ఆమె వంతు. జంటగా ఉన్న అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసి, నొక్కి, చెయ్యి తీసేసి, "ఇక్కడేదో ఉందండీ" అంది. గట్టిగానే అంది. క్లాసంతా విన్నారు. భోజనాల వేళకి హాస్టలంతా విన్నది. గర్భిణీ పొట్టల పాఠం జరుగుతుండగా దొరికిన గడ్డను ఎవరైనా ఇంకేమనుకుంటారు?

మేట్రన్ గారు నన్ను తన గదికి పిలిపించారు. "మీరొకసారి చూడాలి. తలుపేసుకుని చూడండి. పెద్ద డాక్టరు గారికి తరవాత చెబుదాం" అన్నారు.

"కాన్పుల డాక్టరమ్మ గారున్నారు కదండీ?"

"ఆవిడకి చెబితే ఊరికి చెప్పినట్టే."

నేను చూశాను. బొడ్డుకి ఎడమపక్క నున్నటి గడ్డ, బత్తాయి కాయంత ఉంది. అటూ ఇటూ పక్కలకి జరుగుతోంది. పైకీ కిందికీ మాత్రం జరగడం లేదు. పేగుల్ని వీపుకి కట్టి ఉంచే పొరలో ఉన్న గడ్డ అలాగే కదులుతుంది. గర్భసంచి మాత్రం దాని చోట అది చిన్నగానే ఉంది. ఆ అమ్మాయి నేను చూస్తున్నంతసేపూ పైకప్పు వంకే చూస్తోంది. చివరికి అంది, "నేనేం చెయ్యలేదండీ. నన్ను పంపించేస్తారా అండీ? ఇంటికెళ్తే మళ్ళీ నాట్లకే పోవాలండీ."

బయటికొచ్చి, "గర్భం కాదండీ" అన్నాను మేట్రన్ గారితో.

"నెలసరి ఆగి ఎన్నాళ్లయిందో అడిగారా?"

"అడిగానండీ. ఒంట్లో రక్తం లేకపోతే ఆగిపోతుంది."

"మీరు చిన్నవాళ్లు. హాస్టలు నడపలేదు మీరు" అన్నారావిడ. కోపంగా కాదు, జాలిగా. ఆ జాలి నాకు ఒళ్లు మండించింది.

అప్పట్లో గర్భం ఉందో లేదో తేల్చడానికి మగకప్పకి మూత్రం ఎక్కించి చూసేవారు. మేట్రన్ గారు పేరు మార్చి నమూనా పంపించారు. కప్ప చచ్చిపోయింది. ఫలితం చెప్పకుండానే పోయింది. కప్ప ఎందుకు పోయిందో మాకు తెలియలేదు కానీ, హాస్టల్లో మాత్రం అది కూడా సాక్ష్యమే అయింది. రెండో కప్ప బతికి, గర్భం లేదని తేల్చింది. మేట్రన్ గారు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ అమ్మాయి గదికి ఒక గ్లాసుడు పాలు వెళ్లడం మొదలైంది. ఆవిడ భాషలో అదే క్షమాపణ అని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

గర్భం కాదని తేలాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. ఎందుకంటే గడ్డ ఇంకా అక్కడే ఉంది.

పెద్ద డాక్టరు గారు చూశారు. "ఏమిటిది?" అని నన్ను అడిగారు.

"బహుశా..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకుని, "టీబీ అండీ. పేగుల దగ్గర లింఫు గ్రంథి" అన్నాను.

"టీబీ" అన్నారాయన, అక్కడితో అది టీబీ అయిపోయింది. ఆ రోజుల్లో మెడలో గడ్డ ఉన్నా, పొట్టలో గడ్డ ఉన్నా ముందు టీబీయే. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అమ్మాయిని హాస్టల్నుంచి మార్చి వార్డు చివర గదిలో పెట్టారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, గుప్పెడు మాత్రలు. తోటి అమ్మాయిలు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవారు. మూడు నెలలు సూదులు పొడిచినా జ్వరం తగ్గలేదు. గడ్డ తగ్గలేదు. రక్తం ఇంకా పడిపోయింది. నాలుక కాగితంలా తెల్లబడింది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది.

మేట్రన్ గారి దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ రోజులు క్లాసులకి రాని విద్యార్థిని స్కూల్లో ఉంచడానికి పై నుంచి ఒప్పుకోరు. "ఏదో ఒకటి తేల్చండి. తగ్గుతుందంటే ఆపుతాను. తగ్గదంటే వాళ్లమ్మకి కబురు పెడతాను. మధ్యలో వేలాడదీస్తే నేనేం చెప్పను?" అన్నారు. సరైన ప్రశ్నే.

పెద్ద డాక్టరు గారు ఈసారి "లింఫు గ్రంథి క్యాన్సరు" అన్నారు. టీబీ అన్నప్పుడు ఎంత నిబ్బరంగా అన్నారో అంతే నిబ్బరంగా అన్నారు. పొట్ట తెరిచి, చిన్న ముక్క తీసి, మూసేయాలని నిర్ణయించారు. ఆ ముక్కను పరీక్షకు పంపిస్తే పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. పథకం అంతే. గడ్డను తీసెయ్యాలని మాలో ఎవరమూ అనుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ముందు రక్తం కావాలి. అప్పట్లో రక్తం ఇవ్వమంటే సొంత అన్నదమ్ములే గోడ దూకి పారిపోయేవారు. నర్సింగు స్కూలు అమ్మాయిలు వచ్చి వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు నిలబడింది, క్లాసులో "ఇక్కడేదో ఉంది" అన్న ఆ అమ్మాయే. ఆమె గ్రూపు సరిపోయింది. సూది గుచ్చుతుంటే ఏడ్చింది. నొప్పికి కాదని నాకు తెలుసు. ఓదార్చడం నాకు రాదు, సూది కదలకుండా చెయ్యి పట్టుకున్నాను.

ఆపరేషను రోజు పొట్ట తెరిచాం. పేగుల మధ్య, ఆ పొరలో, ఒక్కటే గడ్డ. మాంసం రంగులో, గుండ్రంగా, చుట్టూ గట్టి తొడుగుతో ఉంది. దాని మీద లావుపాటి రక్తనాళాలు పాకి ఉన్నాయి. టీబీ గడ్డలు ఇలా ఉండవు, ఒకదానికొకటి అతుక్కుని ముద్దలుగా ఉంటాయి. క్యాన్సరైతే కాలేయం మీదో, ఇంకెక్కడో మచ్చలుండాలి. పెద్ద డాక్టరు గారు చెయ్యి పెట్టి అంతా వెతికారు. ఏమీ లేవు. ఆయన ముఖానికి మాస్కు ఉంది కానీ, కనుబొమలు చూస్తే తెలిసింది. ఆయనకి కూడా అంతుపట్టడం లేదు.

"ముక్క తీస్తాను" అని కత్తి పెట్టారు.

గాటు పడీపడగానే రక్తం ఉబికింది. బట్టతో అదిమాం. బట్ట తడిసిపోయింది. కుట్టు వేస్తే కుట్టు కోసుకుపోయి ఇంకా కారింది. మత్తు డాక్టరు గారు తల దగ్గర నుంచి "బీపీ పడుతోందండీ" అన్నారు. అమ్మాయిలు ఇచ్చిన రక్తం ఒక చేతిలోంచి ఎక్కుతోంది, ఇక్కడ గడ్డలోంచి దిగిపోతోంది. పెద్ద డాక్టరు గారు ఒక్క క్షణం ఆగారు. ఆయన ఆగడం నేను అంతకు ముందు చూడలేదు. తరవాత గడ్డ మొదట్లో వేళ్లు పెట్టి పట్టుకుని, "మొత్తం తీసేద్దాం. వేరే దారి లేదు" అన్నారు.

గడ్డనీ, దానికి అతుక్కున్న కాస్త పేగునీ కలిపి తీసేశాం. మిగిలిన పేగు కొసలు రెండూ కలిపి కుట్టాం. రక్తం ఆగింది. మీరు తరవాత పుస్తకాల్లో చదివి ఉంటారు, ఈ జబ్బుకి వైద్యం గడ్డను పూర్తిగా తీసెయ్యడమే అని. మేం ఆ వైద్యం చేశాం. వైద్యమని చెయ్యలేదు, రక్తం ఆపడానికి చేశాం.

కుట్లు మానాయి. గడ్డను పరీక్షకు పంపిన చోటి నుంచి జవాబొచ్చింది. లింఫు గ్రంథి క్యాన్సరు, ముదురు రకం. పెద్ద డాక్టరు గారు తల ఊపారు. ఆయన చెప్పిందే నిజమైంది. మద్రాసు తీసుకెళ్లి పొట్టంతటికీ కరెంటు పెట్టించాలి అన్నారు. రేడియేషనుని అప్పట్లో జనం అలాగే అనేవారు. శనివారం సాయంత్రం మద్రాసు మెయిలు రైలుకి తల్లికీ కూతురికీ సీట్లు రాయించారు. మేట్రన్ గారు మద్రాసులో తనకు తెలిసిన హాస్టలుకి కబురు చేశారు.

క్యాన్సరు మాట రోగికి చెప్పడం అప్పటి ఆనవాయితీ కాదు. తల్లికి చెప్పాం. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"కరెంటు పెడితే నా బిడ్డ బతుకుద్దా అమ్మగారూ?"

"ప్రయత్నం చేస్తామమ్మా."

"రేపు పెళ్లి చేస్తే పిల్లలు పుడతారా?"

పొట్టంతటికీ కరెంటు పెడితే పుట్టరు. ఆ సంగతి చెప్పాను. "బతికితే చాలండీ" అంది చివరికి.

కానీ రోగి నర్సింగు విద్యార్థిని. తన కేసు షీటు తను చదివేసింది. ఆ సంగతి మాకు తెలియకుండా ఉండటానికి మాతో మామూలుగా మాట్లాడేది. మేం ఆమెకి తెలియనట్టు మాట్లాడేవాళ్లం. అలా అందరం కలిసి ఒక నాటకం ఆడాం.

నా తికమక ఇక్కడ మొదలైంది. ఆపరేషను తరవాత ఆమెకి సాయంత్రం జ్వరం రాలేదు. ఒక రోజు రాకపోతే అదృష్టం అనుకుంటాం. అసలు రావడం మానేసింది. టీబీ మందులు ఆపేశాం, ఇనుము మాత్రలు కూడా ఆపేశాం, క్యాన్సరుకి అవెందుకని. అయినా బుగ్గల్లోకి రంగు వస్తోంది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. నమూనాలు తారుమారయ్యాయని ల్యాబులో కేకలేశాను. మళ్లీ తీయించాను. ఇంకా కొంచెం పెరిగింది. మూడోసారి నా చేత్తో నేనే వేలికి పొడిచి, గొట్టంలో రంగు పోల్చి చూశాను. అదే వచ్చింది.

మీకొక విషయం చెబుతాను, నవ్వుకోండి. ఆ పిల్ల గర్భవతి అని ఒక్కమాటతో నమ్మాం. కొంకిపురుగులున్నాయని చూడకుండానే నమ్మాం. టీబీ అంటే నమ్మాం, క్యాన్సరంటే నమ్మాం. ఒంట్లో రక్తం పెరుగుతోందన్న ఒక్క మంచి మాటని మాత్రం మూడుసార్లు పరీక్ష చేస్తే గానీ నమ్మలేకపోయాం.

ముదురు క్యాన్సరున్న మనిషి ఎందుకు కోలుకుంటోంది? పెద్ద డాక్టరు గారిని అడిగితే, "ఆపరేషను తరవాత కొన్నాళ్లు అలాగే ఉంటుంది" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. గుంటూరులో మాకు పాథాలజీ చెప్పిన మాస్టారు గారున్నారు. ఆ శనివారం పొద్దున్నే పెద్ద డాక్టరు గారికి చెప్పి, పరీక్ష జవాబుతో పాటు వచ్చిన గడ్డ తాలూకు గాజుపలకల్ని, అంటే స్లైడ్లని, దూదిలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకుని, గుంటూరు బస్సెక్కాను. బ్యారేజీ మీద బస్సు ఎగిరినప్పుడల్లా డబ్బాను గుండెకు అదుముకున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ పులిహోర అనుకుని, కాస్త వాసన కూడా రావడం లేదేమిటన్నట్టు చూసింది.

మాస్టారు గారు మైక్రోస్కోపు మీద వాలి చాలాసేపు చూశారు. పలక తిప్పారు, మళ్లీ చూశారు. "ఇలా రా అమ్మా" అని పక్కకి జరిగారు. "ఏం కనిపిస్తోంది?"

"గుండ్రటి గుండ్రటి గూళ్లండీ. చుట్టూ పొరలు పొరలుగా కణాలున్నాయి. ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టుంది."

"క్యాన్సరైతే ఇల్లు కూలగొట్టేస్తుంది, గది అనేదే మిగలదు. ఇక్కడ గదులన్నీ ఉన్నాయి. మరీ ఎక్కువగా ఉన్నాయి, మరీ పెద్దగా ఉన్నాయి, అంతే. పెరగాల్సిన దానికన్నా ఎక్కువ పెరిగిన మామూలు గ్రంథి అని నా ఉద్దేశం."

"మరి జ్వరం ఎందుకొచ్చిందండీ? రక్తం ఎందుకు తగ్గింది?"

"నాకు తెలియదు. దీనికో పేరుంది. ఒక పత్రికలో చదివాను. నా సర్వీసులో కంటితో చూడటం ఇదే మొదలు. మొత్తం తీసేశారా?"

"తీసేశామండీ."

"మంచి పని చేశారు" అన్నారు. ఎలా చేశామో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇది క్యాన్సరు కాదని రాసివ్వండి మాస్టారూ. సాయంత్రం రైలుకి పంపించేస్తున్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటి చూసి ఎలా రాయను? ఇంకెవరికైనా పంపి అడగాలి. నెలలు పడుతుంది. నోటితో చెబుతాను, వెళ్లి చెప్పు. బహుశా క్యాన్సరు కాదు."

ఆ మాట పట్టుకుని తిరుగు బస్సెక్కాను. 'బహుశా' అనే మాటను నిషేధించిన మనిషి దగ్గరికి, చేతిలో కాగితం ముక్క లేకుండా, ఒక 'బహుశా' తీసుకుని వెళుతున్నాను. అది నిజమైతే ఈ కరెంటు ఆ పిల్ల ఒంటినీ, కడుపునీ ఊరికే పాడుచేస్తుంది. అది అబద్ధమై, మేం ఆగిపోతే, మళ్లీ గడ్డ కనిపించే నాటికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. బస్సులో కూర్చుని రెండు వైపులా వాదించుకున్నాను. ప్రతిసారీ రెండు వైపులా నేనే ఓడిపోయాను.

వార్డుకి వెళ్లేసరికి గది ముందు రేకుపెట్టె కట్టేసి ఉంది. తల్లి చెప్పులు తొడుక్కుని సిద్ధంగా కూర్చుంది. పెద్ద డాక్టరు గారు, మేట్రన్ గారు మంచం దగ్గరున్నారు. వరండాలోకి పిలిచి చెబుదామంటే ఆయన కదల్లేదు.

"ఏమన్నారు?"

అమ్మాయి ముందే చెప్పాను. "క్యాన్సరు కాకపోవచ్చన్నారండీ. గ్రంథి అతిగా పెరిగిందన్నారు. తీసేస్తే సరిపోవచ్చట."

"రాసిచ్చారా?"

"లేదండీ."

"అవునా, కాదా?"

"ఆయనకీ తెలియదండీ. నాకూ తెలియదు. జ్వరం పోయింది, రక్తం పెరుగుతోంది. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. అర్థం కానప్పుడు ఆ పిల్లకి కరెంటు పెట్టించడానికి నాకు చేతులు రావడం లేదండీ." ఆయన ముందు అంత పొడుగు మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

ఆయన మంచం మీద కూర్చుని, అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసి, కుట్ల చుట్టూ నెమ్మదిగా నొక్కి చూశారు. "పొద్దున్న ఏం తిన్నావు?"

"అన్నం అండీ."

"రెండుసార్లు తిన్నదండీ" అంది తల్లి గుమ్మం దగ్గర నుంచి. "గోంగూర కలిపి పెడితే ఇంకా పెట్టమంటది. దీని చిన్నప్పట్నుంచీ ఇట్టా తిని ఎరగదు."

అమ్మాయి ఆయన వంక చూసింది. "షీటు చదివానండీ నేను" అంది. "క్యాన్సరైతే ఇంత ఆకలేస్తదా అండీ?"

పెద్ద డాక్టరు గారి చెయ్యి ఇంకా ఆమె పొట్ట మీదే ఉంది. కిటికీలోంచి బయటికి చూశారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. తరవాత, చాలా నెమ్మదిగా, "బహుశా వెయ్యదు" అన్నారు.

ఆ మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే. రైలు సీట్లు వద్దనుకున్నాం. నెలనెలా పొట్ట చూడాలని, చేతికి ఏ కాస్త తగిలినా మద్రాసు పంపాలని అనుకున్నాం. తల్లి చెప్పులు విప్పింది. అది సంతోషమో భయమో ఆవిడకే తెలియలేదనుకుంటాను. మాకు మాత్రం పూర్తిగా భయమే.

ఆ తరవాతి నెలలు నేను సరిగ్గా నిద్రపోలేదు. ప్రతి నెలా ఆ పొట్టని అంగుళం అంగుళం తడిమి చూసేదాన్ని. ఒకసారి పెద్ద పేగులో గట్టిగా ఏదో తగిలితే ప్రాణం పోయినంత పనైంది. మర్నాటికి అది లేదు. మలబద్ధకం. ఒక రోజు మేట్రన్ గారు వరండాలో ఎదురై, తాళాలు సర్దుకుంటూ, "ఆ అమ్మాయికి నెలసరి వచ్చింది" అన్నారు. ఆసుపత్రికి కొత్త మంచాలు వచ్చాయన్నట్టు చెప్పి వెళ్లిపోయారు. నాలుగడుగులు వేశాక ఆవిడ కళ్లు తుడుచుకోవడం వెనక నుంచి చూశాను.

ఆ గడ్డ ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతుందనీ, జ్వరం, రక్తహీనత అందువల్లేననీ చాలా ఏళ్ల తరవాత చదివాను. మాస్టారు గారు పలకల్ని ఎక్కడెక్కడికో పంపి, చివరికి తన మాటే నిజమని తెలుసుకున్నారు. అప్పటికి ఆ అమ్మాయి మళ్లీ క్లాసుల్లో కూర్చుంటోంది. ఆ కబురు వచ్చిన రోజు పెద్ద డాక్టరు గారు "సరే" అని తరవాతి మంచం దగ్గరికి నడిచారు. ఆ మంచం దగ్గర ఎవరో "బహుశా" అన్నారు. ఆయన ఆగి చూశారు కానీ, ఏమీ అనలేదు.

ఇక చివరి సంగతి. ఆ గొడవ తరవాత మేట్రన్ గారు క్లాసులో ఒకరి పొట్ట ఒకరు చూసుకునే పద్ధతిని మాన్పించేశారు. బొమ్మ మీద నేర్పేవారు. తన తోటివాళ్ల కన్నా ఆలస్యంగా ఆ అమ్మాయి చదువు పూర్తయి, అదే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. ఒక మధ్యాహ్నం నేను నర్సులకి సర్జరీ పాఠం చెప్పడానికి వెళితే, ముందు పాఠం ఇంకా అయిపోలేదు. గుమ్మంలో నిలబడ్డాను. కొత్త పిల్లలు బొమ్మ చుట్టూ మూగి, రబ్బరు పొట్ట నొక్కుతూ తెల్లమొహాలు వేసుకుని ఉన్నారు. ఏదో పని మీద అటు వచ్చిన ఆ అమ్మాయి కాసేపు చూసింది. తరవాత చేతిలో ట్రే బల్ల మీద పెట్టి, బూట్లు విప్పి, మంచమెక్కి పడుకుంది.

"బొమ్మ మీద ఏం తెలుస్తుంది. నా మీద చూడండి" అంది.

పాఠం చెబుతున్న మేట్రన్ గారు బొమ్మని పక్కకి జరిపారు. పొట్ట మీద నిలువునా మా కుట్ల మచ్చ. ఒక చిన్న పిల్ల భయం భయంగా ముందుకొచ్చి, మచ్చ పక్కన చెయ్యి ఆనించింది.

"గట్టిగా నొక్కు. నాకేం కాదు" అంది ఆ అమ్మాయి. ఈసారి పైకప్పు వంక చూడటం లేదు. ఆ పిల్ల ముఖం వంకే చూస్తోంది.

పిల్ల ఎడమ పక్క నొక్కింది, కుడి పక్క నొక్కింది, కింద నొక్కింది. తప్పు చేసినదానిలా మేట్రన్ గారి వంక చూసింది.

"ఏమీ తగలడం లేదండీ."

"మళ్లీ చూడు" అన్నారు మేట్రన్ గారు.

పిల్ల మళ్లీ చూసింది.

"ఏమీ లేదండీ."